వన్నె, వెల

పాతవస్తువునకు వెలకట్టుట పాతగ్రంథమునకుఁ బాఠము నిర్ణయించుటవంటి పనియని నేను గడచిన సంవత్సరమునఁ దెలిసికొంటిని. సంస్కృతమును, ఇంగ్లీషును బడిలోఁ జెప్పుకొని బ్రదుకు నాకు ఈ సంగతి నేర్పినది నాలుగు తంతులుగల యొక విద్యుద్వాద్యము.

కీర్తిశేషుఁడైన మా బావ చెన్నపట్టణమునఁ జలనచిత్రముల వాద్యబృందములలో బాస్ గిటారు వాయించెడివాఁడు. పాట వినువారు గాయకుని గొంతును మెచ్చుకొందురు, వయొలినును గుర్తింతురు. అడుగున నడచు మంద్రస్వరము నెవరును దలఁపరు. అది యొక్క నిమిషము మానినచోఁ బాట పునాదిలేని గోడవలె నుండును. ఆయన మరణించిన యేడాదికి మా యక్క యా వాద్యమును బెట్టెతోఁగూడ నా ముందుంచి, "మా మఱఁదులు దీని నమ్మివేయవలె ననుచున్నారురా. ఒక వర్తకుఁడు నలువదివేలిచ్చెదనని కబురంపినాఁడు. పిల్ల చదువునకు డబ్బు కావలసియే యున్నది. నీవు చదువుకొన్నవాఁడవు; దీని నిజమైన వెల యెంతో కనుగొని చెప్పు" అనెను.

అన్నగారి సొత్తునుగూర్చి తీర్మానించుట తమ పని యని యా మఱఁదుల తలంపు. వీలునామా వ్రాయక మరణించినవాని భార్యయు, బిడ్డలును, తల్లియు నుండఁగాఁ దమ్ములకు హక్కు లేదని 1956వ సంవత్సరపు హిందూ వారసత్వచట్టము చెప్పుచున్నది. అయినను మన యిండ్లలో ఆఁడుదాని సొత్తునకు వెలకట్టువాఁడు వేఱొకఁడే యగుచున్నాఁడు. వెల తెలియనివారికి హక్కుండియు సగమే ఫలము. కావున నేను బూనుకొంటిని.

ఈ వాద్యము పుట్టుక మిక్కిలి పాతది కాదు. అమెరికాలో సియాటిల్ నగరమునఁ బాల్ టట్‌మార్క్ అను నతఁడు 1930వ దశకముననే యిట్టిదానిని జేసెను గాని యది వ్యాపింపలేదు. 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున లియో ఫెండర్ దీనిని ప్రెసిషన్ బాస్ అను పేర విపణికిఁ దెచ్చెను. అంతకుముందు మంద్రస్వరము పలికించువాఁడు మనిషియెత్తు చెక్కవాద్యమును మోసికొని తిరుగవలసియుండెను. బృందపు హోరులో దాని ధ్వని మునిఁగిపోయెడిది. ఫెండర్ దానిని భుజమునకుఁ దగిలించుకొనఁదగినంత చేసి, మెడమీఁద మెట్లు పెట్టి, స్వరము తప్పకుండునట్లు చేసెను. ఆ పేరునకుఁ గారణ మదియే. ఆయన రేడియోలు బాగుచేసికొని బ్రదికినవాఁడు; గిటారు వాయించుట యెఱుఁగఁడు! 1960లో జాజ్ బాస్ వచ్చెను. 1965 జనవరిలో ఆ సంస్థను సి.బి.ఎస్. వారు కోటిముప్పదిలక్షల డాలర్లకుఁ గొనిరి. తరువాతఁ బనితనము తగ్గెనని సేకర్తల నమ్మకము. అందుచేత ఆ కొనుగోలునకు ముందటి వాద్యములకు వెల హెచ్చు.

మఱి వయస్సు తెలియుట యెట్లు? వెనుక లోహపుఁబలకమీఁద వరుససంఖ్య యుండును గాని, పనివారు డబ్బాలోఁ జేతికందిన పలకమును బిగించెడివా రగుటచే నది యుజ్జాయింపు మాత్రమే. నాలుగు మరలు విప్పి మెడను వేఱుచేసినచో మొదట నెలయు సంవత్సరమును ముద్రించియుండును. లోపల ధ్వనిని హెచ్చించి తగ్గించు బిళ్లలమీఁద నంకె లుండును: మొదటి మూఁడును జేసినవారి గుర్తు—137 అయినచో సి.టి.ఎస్. వారు, 304 అయినచో స్టాక్‌పోల్ వారు. తక్కినవి సంవత్సరమును, వారమును దెలుపును. ఒక్క గుర్తును నమ్మరాదు. తాళపత్రగ్రంథము చివరనున్న తేదీని దరువాతి లేఖకుఁడు చూచి వ్రాసియుండవచ్చును గదా! అన్ని సాక్ష్యములు నొక్కమాట చెప్పవలెను.

పిచ్చుకగూడు విప్పినంత భయముతో నేనును మా మేనకోడలును మరలు విప్పితిమి. మెడపై 1963 జూన్. బిళ్లపై 1963 పదునొకండవ వారము. తీఁగలయందుఁ బాత యతుకులు చెదరలేదు. వర్తకు లడుగు వెలలను విడిచి, నిజముగాఁ జెల్లిన వెలలను మాత్రమే చేర్చి చూడఁగా, పెక్కులక్షలు వచ్చు వస్తువది. వర్తకుని నలువదివేలు గుర్తువచ్చి నాకు నవ్వును, కోపమును గలిగెను.

అప్పుడు మేనకోడలు, "మామయ్యా, ఈ నల్లరంగు మొదటినుండి యున్నదేనా?" అని యడిగెను.

ఇరువదియేండ్ల క్రిందట నాకు మొదటి జీతము వచ్చినది. బావ వాద్యము మధ్య పసుపును, అంచున నలుపునుగా, అస్తమించు సూర్యునివంటి వన్నెతో నుండెడిది. మోచేయి రాచుకొన్నచోట రంగు పోయి కొయ్య కనఁబడుచుండెను. పాతదనమన్న నాకుఁ బడని కాలమది. బావ జ్వరముతోఁ బడకనున్నప్పుడు ఆయనకుఁ దెలియకుండ దానిని బీరువాలకు రంగు వేయువానియొద్దకుఁ గొనిపోయి, నున్నగా గీయించి, అద్దమువలె మెఱయునట్లు నల్లరంగు వేయించి తెచ్చితిని. ఆయన చాలసేపు చూచి, "బాగున్నదిరా" అనెను. ఇరువదియేండ్లు ఆ మాటను మెప్పనుకొంటిని.

మొదటి రంగు పోయిన వాద్యమునకు సుమారు సగము వెలయే యిత్తురని బేరమువారి లెక్క. ఆ మొదటి జీతముతో నేను మా యక్కకుఁ జేసిన నష్టము నేఁటి నా రెండేండ్ల జీతమునకు మించినది. ఈ సంగతి యక్కతోఁ జెప్పఁగా, ఆమె, "ఆయనకుఁ దెలియునురా. ఆ రాత్రియే నాతోననిరి: 'కొయ్య అదే, మెడ అదే. వాఁడు ప్రేమతోఁ జేసినాఁడు, వానితో ననకు' అని" యనెను. నేను మాటాడలేకపోయితిని.

మార్పు లన్నియుఁ జెఱుపులే యని చెప్పను. జాకో పస్టోరియస్ అను వాదకుఁడు 1962వ సంవత్సరపు జాజ్ బాస్ మెట్లను దీసివైచి, ఆ గాళ్లను బూడ్చి, పడవలకుఁ బూయు జిగురును మెడపైఁ బూసెను. సేకర్తల లెక్కలో నది యపచారము; కాని యా మెడనుండి లోకమున కొక క్రొత్తపలుకు వచ్చెను. అతఁడు దానిని వాయించి, దాని కేమి కావలెనో యెఱిఁగి మార్చెను. నేను దాని నొకనాఁడును బట్టక, నా కంటి కింపుగా మార్చితిని. సంస్కర్తల మనుకొను మాబోంట్లకు ఈ రెంటికిఁ గల భేదము తెలియవలెను. జ్వరమున నున్నవానిని అడుగకయే వాని వస్తువును బాగుచేయుట సంస్కారము కాదు.

ఒక మధ్యవర్తి, "పాతవన్నె మరల వేయించి, మోచేతిచోట నరగఁదీయింతము, ఎవరును గనుగొనలేరు" అని నాతోఁ జెప్పెను. ఒక తప్పు తెలియక చేసితిని. రెండవది తెలిసి చేయుటకు నొప్పుకొనలేదు.

మఱఁదులకు మిగిలిన వాదమొక్కటి: ఆఁడపిల్ల యున్న యింట నీ వాద్యమేల యని. లాస్ ఏంజలిస్ నగరపు శబ్దగ్రహణశాలలలో గిటారు వాయించుచుండిన కెరోల్ కే అను స్త్రీ, 1963లో నొకనాఁడు రావలసిన బాస్ వాదకుఁడు రానందునఁ దాను దానిని జేతఁబట్టి, పిమ్మట లెక్కలేనన్ని పాటలకు మంద్రస్వర మయ్యెనని వారికిఁ జెప్పితిని. వారు తలలు త్రిప్పిరి. మేనకోడలు మాత్రము పెట్టె తెఱచి, తండ్రి వాయించిన పాటయొక్క యడుగుస్వరములను బలికించెను. ఆమె యెప్పుడు నేర్చుకొన్నదో మే మెవ్వరమును నెఱుఁగము.

అక్క యింకను నమ్మలేదు. ఈ యేటి చదువునకుఁ దన గాజులు కుదువఁబెట్టినది. ఎప్పు డమ్మవలెనో, అమ్మవలెనో వలదో తేల్చవలసినవా రా యిద్దఱే. నేను జేయవలసినది చేసితిని. వారు కోరునప్పు డక్కఱకు వచ్చునట్లు తేదీలు, గుర్తులు, తగిన వెల యన్నియుఁ గాగితముపై వ్రాసి పెట్టెలో నుంచితిని. చివరి పంక్తి యిది: "రంగు మొదటిది కాదు. వేయించినవాఁడు ఈ కాగితము వ్రాసినవాఁడే."