రెండు లిపుల రాకాసిలోయ

సత్యవేడులో పాత పుస్తకాలు తూకానికి కొనే కొట్లో అట్టలూడిన చందమామలు కనిపించాయి. వాటి కిందే వాటి తమిళ జంటలు, అంబులిమామలు. చిత్రకారుడు చిత్రా గీసిన మాంత్రికుడు రెంటిలోనూ అవే కళ్లతో చూస్తున్నాడు. చుట్టూ ఉన్న అక్షరాలే వేరు.

1960 దాకా ఈ ఊరు తమిళనాట చెంగల్పట్టు జిల్లాది. ఆ ఏప్రిల్‌లో రాష్ట్రాల సరిహద్దు జరిగింది, ఊరు జరగలేదు. నేటికీ ఒకే వీధిలో, కొన్నిచోట్ల ఒకే ఇంట్లో, తెలుగూ తమిళమూ కలిసే వినిపిస్తాయి. మాయకథల్లో పిల్లలు గుహలు దాటి, సముద్రాలు దాటి మరో లోకం చేరుకుంటారు. ఇక్కడి పిల్లలకు పక్కింటి అరుగు చాలు.

1947లో మొదలైన చందమామలో 1954 నుంచి ‘తోకచుక్క’ సీరియల్‌తో పిల్లలను ఆ లోకాల్లోకి నడిపించినవారు దాసరి సుబ్రహ్మణ్యం. తర్వాత ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ఇంకా ఎన్నో. ఏళ్ల తరబడి సీరియల్ మీద ఆయన పేరే ఉండేది కాదు. అది తలుచుకుంటే నాకిప్పటికీ కష్టంగానే ఉంటుంది. అయితే పేరు లేనందుకేనేమో, ఆ లోయను ఎవరో ఊహించారని పిల్లలకు తట్టలేదు. నాగలాపురం కొండల వెనకాల ఎక్కడో ఉందనే నమ్మి ఉంటారు.

తమిళంలో చదివిన పిల్లవాడు ఉలిక్కిపడిన చోటే, తెలుగులో చదివిన పిల్లా ఉలిక్కిపడిందా? మాంత్రికుడి గొంతు ఇద్దరికీ ఒకేలా వినిపించిందా? ఆనాటి పిల్లలు కొందరు ఈ వీధుల్లోనే తాతలూ అవ్వలూ అయి ఉన్నారు. అడగాలి.