నకలు పాట

నాన్నగారికి ఘంటసాల అంటే ప్రాణం. కానీ ఆ పాటలను మరొకరు పాడితే గిట్టేది కాదు. "అసలు రికార్డు ఉండగా నకలెందుకురా?" అనేవారు. ఆరాధనోత్సవాల కచేరీలకు ఎన్నిసార్లు పిలిచినా రాలేదు.

నాన్నగారు పోయిననాడు, మన ఊళ్ళ ఆనవాయితీ ప్రకారం, ఇంట్లో ఘంటసాల భగవద్గీత పెట్టారు. ఆ తరువాత చాలాకాలం ఆ గొంతు వినలేకపోయాను. రేడియోలో వినబడగానే కట్టేసేవాణ్ణి.

1974లో ఘంటసాల కన్నుమూసిన తేదీ ఫిబ్రవరి 11. ఈసారి ఆ వర్ధంతికి మిత్రుడొకడు బలవంతంగా చిక్కడపల్లి త్యాగరాయ గానసభకు లాక్కువెళ్ళాడు. వేదికపై ఒక కీబోర్డు, తబలా, వేణువు. నడివయసు దాటిన గాయకుడు. చివర 'శివశంకరీ' ఎత్తుకున్నాడు. 'జగదేకవీరుని కథ' (1961) కోసం పెండ్యాల దర్బారీ కానడలో కూర్చిన ఆ పాట ఇటువంటి సభల్లో గాయకులకు అగ్నిపరీక్ష. పైస్థాయికి వెళ్ళేసరికి అతని గొంతు జీరపోయింది. ఎవరూ నవ్వలేదు. వెనుక వరుసల్లోని పెద్దలు మెల్లగా పల్లవి అందుకున్నారు. అతడు ఊపిరి తీసుకుని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ కలిశాడు. నేనూ గొంతు కలిపాను.

అది ఘంటసాల గొంతు కాదు గనుకనే చివరిదాకా వినగలిగాను. నాన్నగారి ప్రశ్నకు నాకు దొరికిన సమాధానం అదే.

ఆ రాత్రి ఇంటికి వచ్చి, అసలు రికార్డు పెట్టుకున్నాను.