వేళ్లకి అందే కొలతలు

మా ఆడపడుచు కూతురికి చూపు లేదు. డిగ్రీ చదివి, తనలాంటి పిల్లలకి పాఠాలు చెబుతోంది. మాఘంలో పెళ్లి, ఆపైన గుడివాడలో వేరు కాపురం. "వంటింట్లో ఒక్కతే ఎలా నెగ్గుకొస్తుందో వదినా" అని వాళ్లమ్మ బెంగ. పిల్ల మాత్రం, "అత్తా, నీ వంటలన్నీ చెప్పు, బ్రెయిల్‌లో పెట్టుకుంటాను" అంది.

వాళ్ల బడిలో బ్రెయిల్ ఎంబాసర్ ఉంది. సిరాతో పని లేకుండా దళసరి కాగితం మీద చుక్కలు పొడిచే ప్రింటరన్నమాట. బడిలో వాడేది 11 అంగుళాల వెడల్పు కాగితం, వరుసకి 40 గళ్లు. తనకేమో ఫైల్లో ఇమిడే ఏ4 కావాలి. కోనేరు సెంటర్లో దళసరి ఏ4 కొన్నాం. మొదటి కాగితం తడిమి, "అత్తా, ఉప్పెంతో లేదు" అంది. వరుసల కొసలు పడనే లేదు.

మామూలు ప్రింటయితే అక్షరం చిన్నది చేసి ఇరికిస్తాం. బ్రెయిల్‌కి ఆ వీల్లేదు. చుక్కకీ చుక్కకీ మధ్య సుమారు 2.5 మిల్లీమీటర్లు, గడికీ గడికీ 6, వరుసకీ వరుసకీ 10. అంతకు తగ్గితే వేలికి చుక్కలు విడిగా తెలియవు. రోల్డ్‌గోల్డ్ నగల పనిలో చెయ్యి తిరిగిన మా ఆయన స్కేలు పెట్టి లెక్క తేల్చారు. ఏ4 వెడల్పు 210 మిల్లీమీటర్లు, అంటే 35 గళ్లు. అంచులూ, ఫైలు చిల్లులూ పోను 30. నిలువున 26 వరుసలు. ఈ అంకెలు కంప్యూటర్లోనూ మార్చాలి, మిషన్లోనూ మార్చాలి. ఒకచోటే మారిస్తే వరుస చివరి మాట విరిగి కిందికి జారుతుంది.

పైగా తెలుగుకి చోటెక్కువ. గుణింతానికో గడి, వత్తుకి రెండు గళ్లు. మనం రెండక్షరాల్లో రాసే "పప్పు"కి అయిదు గళ్లు కావాలి. అందుకని నా వర్ణనలు కత్తిరించడానికి కూర్చున్నాం. "ఎర్రగా వేగేదాకా" దగ్గర ఆపింది. "ఎరుపు నాకెందుకత్తా? చప్పుడు చెప్పు." నిజమే కదా! "ఆవాల చిటపట ఆగేదాకా" అని మార్చాను. "రంగు తిరిగాక" అన్నచోట "కమ్మటి వాసన వచ్చాక" అయింది. ఇరవై ఏళ్లుగా వండుతున్నా, నా పోపు చప్పుడు నేనే అప్పుడు సరిగ్గా విన్నాను.

పోయిన ఆదివారం ఫైలు ముందు పెట్టుకుని, ఎవర్నీ వంటింట్లోకి రానీకుండా దోసకాయ పప్పు చేసింది. వాళ్లమ్మ మాట్లాడకుండా రెండోసారి వడ్డించుకుంది. చెయ్యి కడుక్కుంటూ నాతో అంది కదా, "వదినా, నా గోంగూర పచ్చడి కూడా అందులో పెట్టించవూ?"