ఒడ్డుకు చేరిన కురుసుర

మన యిండ్లలో పెద్దలు గతించిన పిమ్మట వారి చేతికర్రనో, కండ్లజోడునో పారవేయ మనసొప్పక దాచుకొందుము. పటమునందు ముఖము మాత్రమే కానవచ్చును. అరిగిన చేతికర్రను పట్టి చూచినచో వారు నడచిన నడక తెలియును. దేశరక్షణకై సముద్రముపై బ్రతికిన నావికుల విషయమునను నాకిట్లే తోచును. శిలాస్తంభము వారి కీర్తిని చెప్పును. వారు కాపురమున్న నౌక వారి బ్రతుకును చెప్పును.

విశాఖపట్టణమున రామకృష్ణా బీచియందు నిలిచియున్న కురుసుర యను జలాంతర్గామిని చూచిన నాడు నాకీ యభిప్రాయము దృఢపడినది. ఈ నౌక 1969 డిసెంబరు 18వ తేదీన సోవియట్ దేశపు రీగా రేవునందు మన నౌకాదళమున చేరినది. 1971 యుద్ధకాలమున సముద్రమున పహరా తిరిగినది. 31 సంవత్సరములు కొలువు చేసి, 73,500 నాటికల్ మైళ్ళు పయనించి, 2001 ఫిబ్రవరి 27వ తేదీన విశ్రమించినది. దానిని పాత యినుము క్రింద అమ్మివేయక, ఎంతో శ్రమతో ఇసుకపైకి లాగి తెచ్చి, 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా తెరచిరి.

వెలుపలనుండి చూచిన 91 మీటర్ల పొడవుగల మహాకాయము. లోపల అడుగిడినచో ఇరువైపుల గొట్టములు, మీటలు, చక్రములు. నడుమ ఒక మనిషి పట్టు త్రోవ. ఒక గదినుండి మరియొక గదికి గుండ్రని ద్వారములలో తలవంచి దూరవలెను. ఇందు సుమారు 75 మంది దినముల తరబడి జీవించిరి. పడకలు అరలవలె ఒకదానిపై నొకటి. టార్పెడోల సరసనే నిద్ర! వంటగదిని చూచి నేను కొంతసేపు కదలలేకపోయితిని. మన పూజగదియంత చోటున అందరికిని వండవలెను. మంచినీటిని కొలిచి వాడుకొనవలెను. నీటి అడుగున నున్న భర్తకు ఇంటి యిల్లాలు జాబు వ్రాసినను ఎట్లు చేరును? ఆ యెదురుచూపు ఏ శిలయందును చెక్కబడలేదు. ఆ యిరుకు పడకను చూచిన స్త్రీకి మాత్రము అది చెప్పకయే తెలియును.

ఇచ్చట వివరములు చెప్పువారు నౌకాదళమున పనిచేసి విరమించినవారే. మనము మన వంటింటి డబ్బాలను చూపునంత సహజముగా వారు ఆ మీటలను చూపుదురు.

మరియొక తలపు నన్ను విడువలేదు. 1971 డిసెంబరులో మన విక్రాంత్ అను విమానవాహక నౌకను వెదకుచు వచ్చిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ, ఈ విశాఖ తీరమునకు చేరువనే మునిగిపోయినది. అందున్నవారిలో ఒక్కడును బ్రతుకలేదు. ఆనాటి విజయమునకు గురుతుగా కట్టిన స్మారకము ఈ బీచి రోడ్డుననే యున్నది. మన విజయము మనకు గర్వకారణమే. అయినను కురుసుర గర్భమున నిలిచి ఆ మరణమును ఊహించిన తల్లి, ఆ తల్లుల కొరకును కంట తడి పెట్టక మానదు. యుద్ధమును పొగడుటకు గాక, దాని వెల యెంతయో తెలియుటకే ఇట్టి నౌకలను నిలుపవలెనని నా తలంపు.

ఇంత వ్యయమెందుకని అడుగువారు గలరు. ఉప్పుగాలి యినుమును తినివేయుననుట నిజమే. తుప్పు గీకి రంగు వేయుట ఒకనాటితో తీరునది కాదు. ఆ విక్రాంత్ కథయే చూడుడు. 1997లో కొలువు విడిచిన పిమ్మట ముంబయిలో కొన్నియేండ్లు ప్రదర్శనశాలగా నుండెను. శిథిలమై ప్రమాదకరమగుటచే 2012లో మూతపడెను. 2014లో అమ్ముడుపోయి ముక్కలైపోయెను. ఆ పేరు నేడు క్రొత్త నౌకకు వచ్చినది గాని, ఆ పాత నౌక మెట్లెక్కు భాగ్యము మన బిడ్డలకు లేదు.

ఇల్లు కట్టుట ఒకసారి, ఊడ్చుట ప్రతిదినము. ఈ సంగతి స్త్రీలకు ఎవరును నేర్పనక్కరలేదు. స్మారకమును ప్రారంభించు నాటి పూలదండలకంటె, ఏటేట చేయు మరమ్మతే గొప్ప గౌరవము. సోదరీమణులారా! విశాఖ వెళ్ళినపుడు సముద్రము చూచి మరలిపోక, పిల్లలను కురుసుర లోపలికి తోడ్కొనిపొండు. అచ్చటి వృద్ధ నావికులను ప్రశ్నింపనిండు. ఇనుమునకు రంగు మరల వేయవచ్చును; వారి నోటిమాట నేడు వినకున్న మరల దొరకదు.