గురక వెనుక ఊపిరి

గురక గాఢనిద్రకు గుర్తని మనలో చాలామంది నమ్మకం. గోదావరికి ఆవలి ఒడ్డున భద్రాచలం, ఇవతల మా బూర్గంపాడు. రామకథ వింటూ పెరిగిన నేల కనుక, ఎవరైనా గురక పెడితే కుంభకర్ణుని తలచుకొని నవ్వుకోవడం ఇక్కడ పరిపాటి. ఆ నవ్వులలో నేనూ పాలుపంచుకొన్నవాడనే. అయితే శ్రద్ధగా ఆలకిస్తే కొందరి గురకలో భయం గొలిపే విరామం వినిపిస్తుంది. హోరు హఠాత్తుగా ఆగుతుంది. కొంతసేపటికి ఉలికిపాటుతో ఊపిరి తిరిగి వస్తుంది.

ఆ నిశ్శబ్దమే వ్యాధి లక్షణం. నిద్రలో కండరాలు సడలి, నాలుక వెనుకకు జారి, గాలిదారి మూసుకొనిపోతుంది. శ్వాస కనీసం 10 సెకన్లు ఆగడమో, బాగా తగ్గడమో గంటకు 5 సార్లు, అంతకు మించి జరిగితే వైద్యులు దానిని స్లీప్ ఆప్నియాగా పరిగణిస్తారు. దీనివలన రక్తపోటు, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు పెరుగుతాయి. పగలు కునుకు కమ్ముతుంది. సారపాక కాగితపు మిల్లుకు కర్ర చేరవేసే లారీ డ్రైవరుకే ఆ కునుకు వస్తే, ప్రమాదం అతనొక్కనితో ఆగదు.

వ్యాధి నిర్ధారణకు సాధారణంగా రాత్రంతా శ్వాసను, గుండె లయను నమోదు చేసే పరీక్ష కావాలి. అటువంటి కేంద్రాలు ఎక్కువగా నగరాలలోనే ఉన్నాయి. హైదరాబాదు మాకు సుమారు 300 కిలోమీటర్లు. కూలి పోగొట్టుకొని, గురక కోసం అంతదూరం వెళ్లేదెవరు?

ఇక్కడే అతిధ్వనులు తోడ్పడగలవు. సెకనుకు 20,000 కంపనాలను మించిన ఈ ధ్వనులు మన చెవికందవు. గబ్బిలాలు చీకటిలో దారి తెలుసుకొనేది వీటితోనే. గర్భస్థ శిశువును చూపే అల్ట్రాసౌండు పరికరాన్నే గడ్డం కింద ఆనిస్తే నాలుక మందం, గొంతు పక్కగోడల మందం తెరపై కనిపిస్తాయి. కోత లేదు, ఎక్స్-కిరణాల బెడద లేదు. నాలుక మందంగా ఉన్నవారిలో ఈ వ్యాధి ఉండే అవకాశం ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. అయితే మెలకువలోని గొంతు, నిద్రలోని గొంతు ఒకటి కావు. కనుక ఇది తీర్పు కాదు. నగరానికి ముందుగా ఎవరిని పంపాలో తెలిపే సూచన మాత్రమే.

లింగనిర్ధారణను నిషేధించిన 1994 నాటి చట్టం ప్రకారం ఈ యంత్రాన్ని నమోదు లేకుండా వాడరాదు, ఇష్టానుసారం ఊరూరా తిప్పరాదు. ఆడశిశువుల ప్రాణాలు కాపాడే ఆ నియమం ఉండవలసినదే. అందుచేత యంత్రం మన గడపకు రాదు. మనమే యంత్రం వద్దకు వెళ్లాలి. వెళ్లవలసిన అవసరాన్ని రోగి గుర్తించలేడు, అతడు నిద్రలో ఉంటాడు. గుర్తించగలిగినది పక్కన మేలుకొని ఆ విరామాన్ని లెక్కపెట్టే ఇల్లాలు. ఆమె మాటను నవ్వి కొట్టివేయకుండా వైద్యునికి చేరవేయడమే చికిత్సకు తొలిమెట్టు.