ఓడిన జట్టు వెంట నడిచే జనం

2018 ఏప్రిల్ 21వ తేదీ రాత్రి పదిన్నర గంటలకు ఇంగ్లండు నుంచి మా తమ్ముడు ఫోను చేశాడు. అప్పుడతను ఆ దేశపు ఈశాన్య తీరాన ఉన్న సండర్లాండ్ నగరంలో ఎమ్మెస్సీ చదువుతూ, రాత్రిళ్ళు ఒక గోడౌనులో పెట్టెలు మోసి ఖర్చులు వెళ్ళదీసుకుంటున్నాడు. గొంతు బొంగురుపోయి ఉంది. చేతిలో డబ్బు అయిపోయిందో, ఒంట్లో బాగాలేదో అని కంగారుపడ్డాను.

"మేం దిగిపోయినం అన్నా" అన్నాడు.

ఎక్కడి నుంచి అని అడిగితే చెప్పాడు. ఆ మధ్యాహ్నం సండర్లాండ్ ఫుట్‌బాల్ జట్టు తన సొంత మైదానంలోనే బర్టన్ అనే చిన్న ఊరి జట్టు చేతిలో 2-1 గోల్సుతో ఓడి, రెండో శ్రేణి నుంచి మూడో శ్రేణికి పడిపోయిందట. నేను పకపకా నవ్వాను. "మీరెప్పుడు ఎక్కిండ్రని దిగుడు?" అన్నాను. అతను మాట్లాడకుండా ఫోను పెట్టేశాడు.

ఆ నవ్వు తప్పని తెలుసుకోవటానికి నాకు కొంతకాలం పట్టింది. అది నా ఒక్కడి తప్పయితే ఇక్కడ రాయవలసిన పని లేదు. జనం దేనికి ఏడుస్తున్నారో విచారించకుండానే ఆ ఏడుపును తేలికచేసే అలవాటు మన అభ్యుదయ విమర్శకులలో చాలామందికి ఉంది. అంచేత ఇది అందరం ఆలోచించవలసిన విషయమని తోచింది.

ముందు సంగతేమిటో చెబుతాను. ఇంగ్లండులో ఫుట్‌బాల్ జట్లను మెట్లు మెట్లుగా అమర్చారు. పై మెట్టు మీద ఇరవై జట్లు, దాని కింది మెట్టు మీద ఇరవై నాలుగు. ఏడాది పొడుగునా ఆడినాక పట్టికలో అడుగున మిగిలిన మూడు జట్లు కిందికి దిగాలి. కింది మెట్టు మీద నెగ్గిన మూడు జట్లు పైకి రావాలి. దిగే జట్ల సంఖ్య మారినా, దిగటమూ ఎక్కటమూ 1898 నుంచి అక్కడ నియమం. ఎంత పెద్ద పేరున్న జట్టయినా దీనికి లోబడవలసిందే. సూత్రంగా చూస్తే ఇంతకన్న న్యాయమైన ఏర్పాటు లేదు. ఆ న్యాయం తమ నెత్తిన పడ్డప్పుడు మాత్రం ఒక ఊరు ఊరంతా దుఃఖిస్తుంది.

సండర్లాండ్ జట్టును 1879లో స్థాపించినవారు బడిపంతుళ్ళు. వారి సరదా కోసం పుట్టిన జట్టు క్రమంగా ఓడలు కట్టేవారిదీ, బొగ్గు తవ్వేవారిదీ అయింది. ఆరుసార్లు దేశంలో మొదటి స్థానం గెలిచింది. 1890లో లీగులో చేరింది మొదలు 1958 దాకా, అరవై ఎనిమిదేళ్ళపాటు, పై శ్రేణి నుంచి ఒక్కసారి కూడా దిగలేదు. తరువాత దిగటమూ ఎక్కటమూ మామూలయింది. ఈలోగా ఊరు కూడా దిగింది. వందల ఏళ్ళుగా ఓడలు కట్టిన ఆ నదీతీరంలో చివరి ఓడల కార్ఖానా 1988లో మూతపడింది. సముద్రం అడుగు దాకా సొరంగాలు సాగిన మాంక్‌వేర్‌మౌత్ బొగ్గుగని 1993 డిసెంబరులో మూతపడింది. డర్హం బొగ్గుప్రాంతంలో చిట్టచివర మిగిలిన గని అదే. ఆ గని ఉన్న చోటనే 1997లో జట్టుకు కొత్త మైదానం కట్టి 'వెలుగు మైదానం' అని అర్థం వచ్చే పేరు పెట్టారు. దాని ముందు గనిపనివాళ్ళు వాడే డేవీ దీపం నమూనాను పెద్దదిగా చేయించి నిలబెట్టారు.

2016-17లో ఆ జట్టు పై శ్రేణిలో ముప్పై ఎనిమిది ఆటలాడి ఆరే గెలిచి, ఇరవై నాలుగు పాయింట్లతో అట్టడుగున నిలిచి దిగిపోయింది. మరుసటి ఏడు రెండో శ్రేణిలోనూ అట్టడుగునే నిలిచి మళ్ళీ దిగింది. జట్టు తిరిగి పైకెక్కే కథను చిత్రించవచ్చని వచ్చిన సినిమావాళ్ళు చివరికి రెండో పతనాన్ని చిత్రించుకొని వెళ్ళారు. ఆ డాక్యుమెంటరీని తరువాత లోకమంతా చూసింది.

ఇక నా నవ్వు సంగతి. ఆ రోజుల్లో నేనొక సాహిత్య సభలో చదవటానికి వినోదాన్ని గురించి వ్యాసం రాస్తున్నాను. క్రికెట్టూ, సినిమా తారలూ, ఫుట్‌బాలూ, ఇవన్నీ జనాన్ని జోకొట్టే మత్తుమందులని నా వాదం. మా తమ్ముడి ఏడుపు దానికి మంచి ఉదాహరణగా దొరికింది. తెలివిగలవాడు, బొగ్గుబాయి కార్మికుడి కొడుకు, పరాయి దేశంలో కూలిపని చేసుకుంటూ ఎవరో కోటీశ్వరుడి జట్టు కోసం కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నాడని రాసుకున్నాను.

ఆ వాదం పూర్తిగా అబద్ధం కాదు. 1992లో పై శ్రేణి జట్లు పాత లీగు నుంచి విడిపోయి ప్రీమియర్ లీగుగా ఏర్పడటానికి టెలివిజను సొమ్మే ముఖ్యకారణం. 2016-17లో అట్టడుగున నిలిచినందుకు కూడా సండర్లాండ్‌కు ఆ లీగునుంచి 9 కోట్ల పౌండ్లకు పైగా ముట్టింది. ఈ వ్యాపారం అభిమాని విశ్వాసం మీద నిలబడి ఉంది. సబ్బు నచ్చకపోతే వేరే సబ్బు కొంటాము. జట్టు ఓడిందని పక్క ఊరి జట్టుకు మారినవాణ్ణి మాత్రం అక్కడెవరూ మనిషిగా లెక్కచేయరు. కొనేవాడు ఎటూ పోలేని సరుకు దొరకటం కన్న అమ్మేవాడికి కావలసిందేముంది? యజమాని ఏ దూరదేశంలోనో ఉంటాడు. పేరున్న ఆటగాళ్ళు దిగిన మరునాడే బేరాలు మొదలుపెడతారు. టిక్కెట్లు చింపేవాళ్ళూ, వంటవాళ్ళూ, గడ్డి కోసేవాళ్ళూ మాత్రం తమ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక బిక్కుబిక్కుమంటూ ఉంటారు. ఆ యేడు కూడా యజమాని ఏప్రిల్ నెలాఖరులోనే జట్టును అమ్ముతున్నట్టు ప్రకటించాడు. అమ్ముకొనే అవకాశం లేనిది అభిమానికే. వాడి దగ్గర ఉన్నది అమ్ముడుపోయే వస్తువు కాదు.

ఇంతవరకు నా వ్యాసం సరిగానే నడిచింది. దాన్ని ఆపింది మా బాపు.

మా బాపు గోదావరి లోయ బొగ్గుబాయిలో ముప్పై రెండేళ్ళు పనిచేశాడు. ఆ బాయి మూతపడి చాలా ఏళ్ళయింది. అయినా తనతోటి పనివాళ్ళు నలుగురైదుగురు ఇప్పటికీ మొదటి షిఫ్టు వేళకు లేచి, బాయి దారిలోని చాయ హోటలు ముందర చేరతారు. పని లేదు, సైరను లేదు. వీళ్ళు మాత్రం ఉంటారు. సెలవులకు ఇంటికి పోయినప్పుడల్లా నేను దాన్ని గురించి వేళాకోళం చేసేవాణ్ణి.

ఫోను వచ్చిన మరునాడు, బాయి మీద ఆటమైదానం కట్టారట, ముందర దీపం బొమ్మ పెట్టారట అని నవ్వుతూ బాపుకు చెప్పాను. ఆయన నవ్వలేదు. "ఏ దీపం? గ్యాసు చూసే దీపమా?" అని అడిగాడు. అదేనన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "బాయి పోతే షిఫ్టుకు లేచుడు పోతదా బిడ్డా? మంది ఓ జాగల జమ అయ్యేటందుకు ఏదో ఒకటి ఉండాలె గద. ఆల్లకు ఆట మిగిలింది. మాకు చాయ మిగిలింది."

తమ్ముడికి నేనే ఫోను చేసి క్షమించమన్నాను. అతను మెల్లగా ఆనాటి సంగతంతా చెప్పాడు. గోడౌనులో అతనితో పనిచేసే ముసలాయన ఒకాయన, పూర్వం ఓడల కార్ఖానాలో పనిచేసినవాడు, ఆ రోజు ఆటకు తీసుకువెళ్ళాడట. ఆట ముగిసినాక కొందరు తిట్టారట, కొందరు ముందే లేచి వెళ్ళిపోయారట. ముసలాయన మాత్రం కుర్చీలో కూర్చునే, వచ్చే యేడు ఏయే చిన్న ఊళ్ళకు పోవలసివస్తుందో ఒక్కొక్క పేరే వేళ్ళ మీద లెక్కపెడుతూ, ఏ ఊళ్ళో తినటానికి ఏది బాగుంటుందో చెప్పాడట. ఆ తరువాత 1973 సంగతి ఎత్తుకున్నాడట. రెండో శ్రేణిలో ఉన్న సండర్లాండ్ ఆ యేడు బలమైన లీడ్స్ జట్టును ఓడించి ఎఫ్.ఏ. కప్పు గెలుచుకుంది. బయటికి వస్తూ మా తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, "మనం ఇంతకన్న హీనంగా కూడా ఉన్నాం" అన్నాడట. ఆ 'మనం'లో తననూ కలుపుకున్నాడని మా తమ్ముడికి కన్నీళ్ళు వచ్చాయి. ఆ ఊరికి పోయి ఎనిమిది నెలలయినా, అంతవరకూ అతన్ని ఎవరూ ఏ 'మనం'లోనూ కలుపుకోలేదు.

దిగిపోయిన జట్టు అభిమానులు దుఃఖాన్ని భరించే తీరు అదే. హాస్యమాడతారు, లెక్కలు వేస్తారు, పాత గెలుపులు పిల్లలకు చెబుతారు, మళ్ళీ వెళతారు. మూడో శ్రేణికి పడిపోయిన ఆ యేడు సండర్లాండ్ సొంత మైదానానికి సగటున 30 వేలకు పైగా జనం వచ్చారు. 2018 డిసెంబరు 26న బ్రాడ్‌ఫర్డ్ జట్టుతో జరిగిన ఆటకు 46,039 మంది వచ్చారు. పైకెక్కటానికి వేసిన మొదటి ప్రయత్నం 2019 మేలో చివరి నిమిషపు గోలుతో చెదిరిపోయింది. జనం ఆగస్టులో మళ్ళీ వచ్చారు. గెలుపు కోసమే వచ్చే జనమయితే ఎప్పుడో మానుకునేవారు. కార్ఖానా, గని, సంఘం, అన్నీ పోయినాక ఒకేచోట భుజం భుజం కలిపి నిలబడే అలవాటును వాళ్ళు అక్కడ దాచుకున్నారు. దాన్ని మత్తు అనటం నాకిప్పుడు సాధ్యం కాదు.

అయితే పాఠకులు నన్ను మరో పొరపాటులో పడనివ్వకూడదు. ఈ 'మనం' అనే భావం దానంతటదే అభ్యుదయం కాదు. 2024 ఆగస్టు 2న అదే నగరంలో, వలసవచ్చినవారి మీద ద్వేషంతో ఒక గుంపు వీధుల్లో పడి, జనానికి ఉచితంగా సలహాలిచ్చే కార్యాలయానికి నిప్పుపెట్టింది. ఆ గుంపు కూడా తమను 'మనం' అనే పిలుచుకుని ఉంటుంది. పని పోగొట్టుకున్న ఊళ్ళో పేరుకున్న కోపం ఏ తలుపు తెరిచి ఉంటే ఆ తలుపులోంచి బయటపడుతుంది. మరునాడు వందలమంది ఊరివాళ్ళు చీపుర్లు పట్టుకొని వీధులు ఊడ్చారు. వారిలో తానూ ఉన్నానని ముసలాయన మా తమ్ముడికి కబురు చేశాడు. తమ్ముడు హైదరాబాదు తిరిగివచ్చి అప్పటికి ఆరేళ్ళు కావస్తున్నది. ఆ కబురు చదివి రాత్రంతా నిద్రపోలేదని చెప్పాడు.

ఆ భావానికి సరైన దారి దొరికితే ఏమవుతుందో కూడా మనం చూశాము. 2021 ఏప్రిల్ 18న ఐరోపాలోని పన్నెండు సంపన్న జట్లు తమకోసం వేరే లీగు పెట్టుకుంటామని ప్రకటించాయి. దాన్ని స్థాపించిన జట్లు ఎంత ఓడినా దిగనవసరం లేదు. పతనమనేది పేదజట్లకే మిగలాలన్నమాట. ఆయా జట్ల అభిమానులే వీధుల్లోకి వచ్చారు. తమ జట్టుకు శాశ్వతంగా పైమెట్టు ఇస్తామంటే తమ అభిమానులే వద్దన్నారు. రెండు రోజుల్లో ఆరు ఇంగ్లీషు జట్లూ వెనక్కు తగ్గాయి. దిగిపోయే ప్రమాదం ఉంటేనే కిందివాడికి ఎక్కే హక్కు ఉంటుందన్న సూక్ష్మం, ఏ పుస్తకమూ చదవకుండానే, ఆ జనానికి అర్థమైంది.

అంచేత మన పని నవ్వటం కాదు, పొగడటమూ కాదు. అటువంటి జనం మధ్య ఎవరు నిలబడి ఏం చెబుతున్నారన్నది చూడాలి. రచయితలు అక్కడ లేకపోతే వాళ్ళతో మాట్లాడటానికి వేరే వాళ్ళు సిద్ధంగా ఉంటారు. వినోదాన్ని గురించిన నా వ్యాసాన్ని ఆ సభలో చదవలేదు. అందులో చాలా భాగం ఇప్పటికీ నిజమేనంటాను. కాని దాన్ని రాసినవాడు జనానికి ఎత్తున నిలబడి రాశాడు.

2022లో సండర్లాండ్ రెండో శ్రేణికి, 2025 మే 24న పై శ్రేణికి ఎక్కింది. ఆ చివరి ఆటను మా ఇంట్లో తమ్ముడి ఫోనులో ముగ్గురం చూశాము. అదనపు సమయంలో గోలు పడ్డప్పుడు తమ్ముడు కేకవేస్తే, బాపు ఉలిక్కిపడి లేచాడు.

"ఇగ మల్ల పడరా?" అని అడిగాడు.

"ఏమో బాపూ, పడొచ్చు."

"పడితే?"

"పోతరు మల్ల. ఏడికి పోతరు?"

బాపు తల ఊపి పడుకోవటానికి లేచాడు. పొద్దున్నే షిఫ్టు వేళకు ఆయన చాయ హోటలు దగ్గర ఉండాలి. మరునాడు నేనూ ఆయన వెంట వెళ్ళాను.