బండ్లబాట

వికారాబాద్ దాటాక ఒక ఊరి చివర, చింతచెట్టు కింద కూర్చున్న పెద్దాయన ముందు మా సైకిళ్ల లావాటి టైర్లు చూశాడు, తర్వాత నా మేనకోడలి మోచేతికి కట్టిన రుమాలు చూశాడు. "ఏడికెళ్లి దిగొచ్చిండ్రు?" అని అడిగాడు. వెనకనున్న గుట్ట చూపించాను.

"గది మేకల బాట సారూ. మేక ఏడికైనా ఎక్కుతది, ఏడికెళ్లైనా దుంకుతది. మీకు బండ్లబాట గావాలె. గా బావికాడ ఎడమకు మళ్లితే ఉన్నది" అన్నాడు.

నేను తారురోడ్ల మీద ఏళ్ల తరబడి తొక్కినవాణ్ని. పదిహేనేళ్ల పిల్లను మొదటిసారి మట్టిదారికి తీసుకెళ్తూ, మ్యాపులో గుట్ట మీద సన్నగా మెలికలు తిరిగిన గీతను ముచ్చటపడి ఎంచుకున్నాను. వాగులోకి దిగేచోట రాళ్లు జారాయి, పడిపోయింది. ఆ తర్వాత రెండు నెలలు తను సైకిలు ముట్టలేదు. సైకిలు మంచిదే, పిల్లకు ధైర్యమూ ఉంది. దారి ఎంపికలోనే తప్పు జరిగింది, అది నేను చేసిన తప్పు.

పెద్దాయన మాట ఆ రెండు నెలలూ నాతోనే ఉంది. నిండు బండి లాగే ఎద్దులు నిట్టనిలువు ఎత్తు ఎక్కలేవు. దిగడం ఇంకా కష్టం, బరువంతా కాడి మీదికి, మెడల మీదికి తోసుకొస్తుంది. అందుకే బండి తోలినవాళ్లు గుట్టను చుట్టిపోయారు. వాగు దాటాలంటే ఒడ్డు పల్లంగా, అడుగు గట్టిగా ఉన్నచోటు వెతుక్కున్నారు. మలుపులో జోడెద్దులు తిరిగేంత జాగా వదిలారు. కొత్తగా మౌంటెన్ బైకు ఎక్కినవాళ్లకు కావలసింది సరిగ్గా ఇదే: ఊపిరి అందే ఎత్తు, బ్రేకు మీద నమ్మకం కుదిరే దిగుడు, తడబడితే పక్కకు తప్పుకునే వెడల్పు. ఈ వెతుకులాటంతా మనకంటే ముందే ఎద్దులు చేసి పెట్టాయి.

అసలు ఈ ఆట పుట్టిందీ వెడల్పాటి దారి మీదే. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు పాత బరువు సైకిళ్లతో కొండ దిగే పందెం మొదలుపెట్టింది, అడవి మంటలు ఆర్పే బళ్ల కోసం వేసిన మట్టిరోడ్డు మీద. ఆ సైకిళ్లకు వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉండేది. దిగేసరికి వేడికి హబ్బులోని గ్రీజు పొగైపోయేది, మళ్లీ కూరాల్సి వచ్చేది. ఆ పందేనికి రీప్యాక్ అన్న పేరు అలా వచ్చిందే.

బండ్లబాటను ఇంట్లో కూర్చునీ కొంత పోల్చుకోవచ్చు. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లలో కాలిబాట చుక్కల వరుసగా, బండిదారి తెగిన గీతగా కనిపిస్తాయి. 1:50,000 స్కేలు పటంలో ఒక సెంటీమీటరంటే నేల మీద 500 మీటర్లు. మామూలుగా కంటూరు గీతకూ గీతకూ మధ్య 20 మీటర్ల ఎత్తు తేడా. దారి వెంట రెండు గీతల నడుమ సెంటీమీటరు ఎడముంటే వాలు నూటికి నాలుగు, కొత్తవాళ్లు మాట్లాడుకుంటూ ఎక్కేయొచ్చు. అర సెంటీమీటరైతే నూటికి ఎనిమిది, మాటలు ఆగిపోతాయి. సైకిలు దారులకు స్థాయిలు కట్టే అంతర్జాతీయ సంస్థ ఇంబా కూడా సులువైన ఆకుపచ్చ దారికి సగటు వాలు నూటికి ఐదు దాటకూడదంటుంది. నేనైతే కొత్తవాళ్లను మొదటిరోజు ఎనిమిది పది కిలోమీటర్లు దాటనివ్వను. ఇక రిజర్వు ఫారెస్టు గీత కనిపిస్తే అనుమతి లేకుండా లోపలికి వెళ్లకూడదు.

పటం చెప్పనిది మట్టి. మూసీ పుట్టే అనంతగిరి మీద ఎర్రమొరం, కిందికి దిగితే చాలాచోట్ల నల్లరేగడి. వాన వెలిసిన మర్నాడే మొరం దారి తొక్కడానికి బాగుంటుంది, టైరు కింద కరకరమంటూ పట్టునిస్తుంది. అదే రోజు రేగట్లోకి దిగితే వంద గజాలు పోకముందే మట్టి చుట్టుకుని చక్రం ఫోర్కులో బిగుసుకుపోతుంది, సైకిలు భుజానికెక్కుతుంది. రెండు మూడు ఎండలు కాయనివ్వాలి. ఎండాకాలంలో అదే నేల నెర్రెలిస్తుంది. నెర్రె వెంబడి పోతే ముందు చక్రం ఇరుక్కుంటుంది, అడ్డంగా దాటితే ఏమీ కాదు. తాండూరు వైపు కంది కోశాక చేలో నిలిచే మోళ్లు మేకుల్లా ఉంటాయి. చేను అడ్డంగా తొక్కితే రైతుకూ నష్టం, ట్యూబుకూ నష్టం. పల్లేరుకాయలు, సర్కారుతుమ్మ ముళ్లు బాట అంచునే ఎక్కువ, చక్రాల జాడలో ఉంటే చాలావరకు తప్పుతాయి. గాలి కొంచెం తగ్గిస్తే టైరు నేలను పట్టుకుంటుంది, దిగుడు ముందు సీటు దించుకుంటే ఒళ్లు వెనక్కి జరపడం సులువు.

గోదావరి డెల్టాలో మట్టి వేరు, లెక్కా వేరు. అక్కడ కొత్తవాళ్లకు కాలువగట్టును మించింది లేదు. ఒకప్పుడు మనుషులు తాడు భుజాన వేసుకుని పడవలు లాగుతూ నడిచిన గట్లవి. ఎత్తుపల్లాలుండవు, నీడ ఉంటుంది. అలవాటయ్యాక పొలాల మధ్య పుంతల్లోకి, అంటే అక్కడి బండ్లబాటల్లోకి, తిరగొచ్చు.

అయినా బాట ఇప్పుడెలా ఉందో చెప్పగలిగేది ఊరివాళ్లే. ఊరి నక్షలో ఉన్న దారిని వికారాబాద్ వైపు నక్షబాట అంటారు. నక్షలో ఉన్నది నేల మీద ఉండాలని లేదు. బండ్లు పోయాక కొన్నింటిమీద ట్రాక్టర్లు తిరుగుతున్నాయి, కొన్ని చేలల్లో కలిసిపోయాయి, కొన్ని తుమ్మచెట్ల కింద మూసుకుపోయాయి. అందుకే నేనిప్పుడు "సైకిలుకు మంచి దారేది?" అని అడగను. "ఒకప్పుడు అంగడికి బండ్లు ఎటునుంచి పోయేవి పెద్దయ్యా?" అని అడుగుతాను. ఆ ప్రశ్నకు పెద్దవాళ్లు లేచి నిలబడి చెయ్యి చాస్తారు. ఎక్కడ ఎద్దులకు నీళ్లు పెట్టేవారో, ఏ వాగు ఎన్నాళ్లు పారుతుందో కూడా చెబుతారు.

రెండు నెలలకు మేనకోడలు తనే అడిగింది, "మామయ్యా, ఆ తాత చెప్పిన దారికి పోదామా?" అని. బావి దగ్గర ఎడమకు తిరిగాం. మధ్యలో గడ్డి, అటూ ఇటూ చక్రాల జాడలు. గుట్టను చుట్టుకుంటూ మెల్లగా లేచిన ఆ బాటను తను ఒక్కసారి కూడా దిగకుండా ఎక్కింది. మళ్లీ అదే వాగు, కాకపోతే అరమైలు కింద. పల్లపు ఒడ్డున ఎర్రటి బండ, దాని మీద ఇనప పట్టాల రాపిడికి పడ్డ రెండు గాళ్లు. ఆగి, వంగి, ఒక దానిలో అరచెయ్యి పెట్టి చూసింది. తర్వాత సీటు దించుకుని, ముందు చక్రాన్ని ఆ గాడిలో పెట్టి కిందికి దిగింది. అవతలి ఒడ్డుకు చేరి, సైకిలు తిప్పుకుని, మళ్లీ ఒకసారి దిగడానికి ఇవతలికొచ్చింది.